అంకె పక్కన బంతి

బ్యాటు పిడి కొసకు తగిలించే సెన్సరు ఓ చిన్న బిళ్ల, అంతే. బ్యాటు ఎంత తిరిగింది, ఎంత కుదిపింది అని సెకనుకు వందలసార్లు చూసుకుంటుంది. అడుగుభాగం వేగాన్ని మాత్రం నేరుగా కొలవదు, తిరుగుడును బట్టి లెక్కగడుతుంది. చేతులకు 70 సెంటీమీటర్ల దూరంలోని చెక్క గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే, ఆ క్షణాన సెకనుకు ఆరు చుట్లు మించే ఊపు కావాలి. 2017 చాంపియన్స్ ట్రోఫీలో ఇలాంటివి బ్యాట్లకెక్కాయి. మరుసటి ఏడాది అనిల్ కుంబ్లే సంస్థ స్టిక్కరు రూపంలో మరొకటి తెచ్చింది. రేపు గుడివాడ, బందరు నెట్స్‌లోకి వస్తే, "నీది 90, వాడిది 105" అంటూ కుర్రాళ్లను వరసబెడతారేమోనని నా అనుమానం.

ఆ వరస ఎంత తప్పుదారి పట్టిస్తుందో బేస్‌బాల్‌లోనే తేలింది. అక్కడి మేజర్ లీగ్ 2024లో, కెమెరాలతో కొలిచిన బ్యాటు వేగాలను బయటపెట్టింది. జియాంకార్లో స్టాంటన్‌ది గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. లూయిస్ అరాయెజ్‌ది 100 దగ్గర, పట్టికలో అట్టడుగున. ఆ ఏడాది నేషనల్ లీగ్ బ్యాటింగ్ సగటులో మొదటివాడు మాత్రం అరాయెజే. ఊపు నిదానం, తగలడం నడిమధ్యన. పిడి మీది బిళ్లకు బ్యాటు తెలుసు గానీ, వచ్చే బంతి తెలియదు.

అయితే సెన్సరే దండగ అనేవాళ్లూ ఉంటారు. బందరు వైపు మూలాలున్న సి.కె.నాయుడు 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టింది ఏ బిళ్ల చూసుకుని అంటారు. నిజమే, కానీ నాయుడుకు అక్కర్లేనిది అందరికీ అక్కర్లేదని కాదు. దివిసీమలో వరి కోసేశాక మినుము చల్లని చేలో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాణ్ణి తీసుకోండి. తేలిక బంతి కాబట్టి మణికట్టు తిప్పితే చాలు, గట్టు దాటుతుంది. అదే అలవాటుతో తోలు బంతిని కొడితే చేతిలో బ్యాటు మెలితిరుగుతుంది. కంటికి దొరకని ఆ మెలికను సెన్సరు పట్టిస్తుంది. ముప్పై బంతులయ్యాక చెయ్యి బరువెక్కి ఊపు ఎక్కడ తగ్గిందో కూడా చెబుతుంది. నిన్నటి వాడితో ఇవాళ్టి వాణ్ణి పోల్చడానికి ఇంతకంటే నమ్మకమైన సాక్షి లేదు. పక్కవాడితో పోల్చడానికే పనికిరాదు.

కోచ్‌లకు ఒకటే మనవి. సెన్సరు అంకెను పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు, పక్కనే ఆ బంతి ఫుల్‌టాసో, యార్కరో, టెన్నిస్సో, తోలుదో కూడా రాయండి.