హచికో కథ: విశ్వాసం ఎవరి పట్ల?

జపాన్ సంస్కృతిని పసిపిల్లలకు పరిచయం చేయదలచిన ఉపాధ్యాయుడికి ముందుగా చేతికందే కథ హచికోది. యజమాని చనిపోయాక కూడా దాదాపు పదేళ్లు టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన కుక్క అది. కథ నిజమే. విన్న పిల్లల కళ్లు చెమర్చడమూ నిజమే. చిక్కల్లా, 'జపాన్ వాళ్ల విశ్వాసం ఇలాంటిది' అనే ముక్తాయింపులో ఉంది.

1923లో అకితా ప్రాంతంలో పుట్టిన ఈ కుక్కను మరుసటి ఏడు టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఉయెనో హిదెసబురో తెప్పించుకున్నాడు. 1925 మేలో ఆయన హఠాత్తుగా మరణించాడు. అంటే వారి సాహచర్యం ఏడాదిన్నర కూడా లేదు. ఆ తర్వాత కుక్క ఇళ్లు మారి మారి చివరకు ఆచార్యుని తోటమాలి ఇంటికి చేరింది. స్టేషన్ దగ్గర మొదట్లో దానికి దొరికింది ఆదరణ కాదు, అదిలింపులూ దెబ్బలూ. 1932 అక్టోబరులో అసాహీ పత్రికలో వార్త పడ్డాకే అది 'చూకెన్', అంటే విశ్వాసపాత్రమైన కుక్క అయింది.

ఇక్కడ తేదీలు గమనించాలి. 1931లో జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించింది. 'చూకెన్'లోని 'చూ' ప్రభుభక్తిని తెలిపే అక్షరమే. 1934 ఏప్రిల్‌లో కుక్క బతికుండగానే, దాని సమక్షంలోనే, కంచు విగ్రహం ఆవిష్కరించారు. 1935లో రెండో తరగతి నీతి వాచకంలో హచికో పాఠమైంది. పాఠం పేరుకు అర్థం 'ఓన్ మరువకు'. ఓన్ అంటే పైవారి నుంచి పొందిన మేలు, తీర్చుకోవలసిన ఋణం. అన్ని ఋణాలలోకీ చక్రవర్తి ఋణం పెద్దదని ఆనాటి బడులు నేర్పాయి. ఆ పాఠం చదివిన ఏడెనిమిదేళ్ల పిల్లలకు 1945 నాటికి పదిహేడు, పద్దెనిమిదేళ్లు. ఆ ఏడే యుద్ధావసరాలకు హచికో విగ్రహాన్నీ కరిగించారు. శిల్పి ఆందో తెరు వైమానిక దాడిలో చనిపోయాడు. ఇప్పుడు షిబుయాలో ఉన్నది ఆయన కొడుకు 1948లో చేసిన విగ్రహం.

ఈ చరిత్రంతా తీసేస్తే కథలో జపాన్ ఎంత మిగులుతుంది? 2009లో హాలీవుడ్ వారు దీన్ని రోడ్ ఐలండ్‌కు తరలించి సినిమా తీశారు. కథకు ఏ లోటూ రాలేదు. కుక్క ఎదురుచూడటం ఏ దేశంలోనైనా జరుగుతుంది. ఆ ఎదురుచూపును రాజ్యం పాఠంగా మలచుకున్న తీరులోనే అసలు జపాన్ ఉంది. కిమోనోలు, చెర్రీ పూలు బొమ్మలుగా వేసినంత మాత్రాన సంస్కృతి బోధించినట్లు కాదు.

మన భాషలోని 'విశ్వాసం' కూడా అమాయకమైన మాట కాదు. నమ్మకానికీ అదే మాట, ఉప్పు తిన్నవాడు దొర గుమ్మంలో పడి ఉండటానికీ అదే మాట. పాలేరుకు విశ్వాసం ఉండాలన్నవాళ్లు దొరకూ ఉండాలని ఎన్నడైనా అన్నారా? కుక్క కథ చెప్పి 'విశ్వాసంగా ఉండండి' అనే మాస్టారు, ఈ రెండర్థాల్లో దేన్ని నూరిపోస్తున్నారో ముందు తాము తేల్చుకోవాలి.

అంతమాత్రాన కుక్క ప్రేమను కొట్టిపారేయనక్కరలేదు. స్టేషన్ దగ్గర దొరికే మాంసం ముక్కల కోసమే వచ్చేదని వాదించేవారూ ఉన్నారు. దాని పొట్టలో మాంసం గుచ్చే పుల్లలు దొరికిన మాట వాస్తవమే. అయితే 2011లో జరిపిన పరీక్షలో గుండెలో, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ కూడా బయటపడింది. ప్రేమకూ ఆకలికీ మధ్య గోడ కట్టడం మనుషుల అలవాటు. కుక్కకు ఆ అవసరం లేదు.

పిల్లలకు చెప్పవలసిన మనిషి మరొకరున్నారు. ఆచార్యునితో కాపురం చేసిన యాయెకోకు చట్టరీత్యా పెళ్లి కాలేదు. అందువల్ల ఆయన పోగానే ఆ ఇంటిపై ఆమెకు హక్కు లేకపోయింది. కుక్క చెట్టుకొకటి పుట్టకొకటిగా తిరగడానికి మూలం అక్కడుంది. ఆమె 1961లో మరణించింది. అస్థికలు అయోయామా శ్మశానంలోని ఆచార్యుని సమాధికి చేరింది 2016 మేలో. కుక్కకు అక్కడ చోటు అంతకు చాలా ముందే దొరికింది.