రెండో బ్యాటరీ: డయోడా, రిలేనా?

గోదావరిఖనిలో బ్యాటరీ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. సింగరేణి కార్మికుడు నడుముకు 4 వోల్టుల బ్యాటరీ కట్టుకుని గనిలోకి దిగి, షిఫ్టు అయ్యాక దాన్ని ల్యాంప్‌రూమ్‌లో ఛార్జింగ్‌కు తగిలించి ఇంటికి పోయేవాడు. సగం ఎక్కిన దీపంతో ఎవరు దిగుతారు? బయట బొగ్గు లోడు కోసం రాత్రంతా లైన్లో ఉండే పాత లారీకి మాత్రం ఆ పట్టింపు లేదు. ఫ్యాను, లైటు, ఫోన్ ఛార్జింగ్ అన్నీ ఒక్క బ్యాటరీ మీదే. తెల్లారి సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటుంది.

అందుకే రెండోది పెట్టిస్తారు. రెండింటినీ నేరుగా కలిపితే ఫ్యాను రెండింటినీ తాగేస్తుంది, ఆ పద్ధతి మాటే వద్దు. ఛార్జింగ్ రెండింటికీ అందాలి, ఫ్యాను మాత్రం ఒక్కదాన్నే తాగాలి. అందుకు పోటీ డయోడుకూ రిలేకూ.

12 వోల్టుల బండిలో బ్యాటరీకో డయోడు పెట్టారనుకుందాం. కదిలేది లేదు, అరిగేది లేదు. కానీ మామూలు సిలికాన్ డయోడు 0.7 వోల్టు దాకా సుంకం తీసుకుంటుంది. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే బ్యాటరీలకు అందేది 13.5. హైదరాబాద్ దాకా పోయే బండికి పర్లేదు. గనికీ సైడింగ్‌కూ మధ్య తిరిగే బండిలో బ్యాటరీ ఎప్పుడూ అర్ధాకలే, ప్లేట్లకు సల్ఫేటు పడుతుంది. కటౌట్ (రెగ్యులేటర్) వోల్టేజీ చూసుకునే తీగను డయోడు దాటించి బ్యాటరీ దగ్గర కలిపితే లోటు తీరుతుంది. కటౌట్ లోపలే ఉండే ఆల్టర్నేటర్లు చాలావాటిలో ఆ తీగ బయటికే రాదు.

రిలే అయితే, తీగ లావుగా ఉంటే, దాదాపు ఉన్నదంతా అందిస్తుంది. దాని గుట్టంతా కాయిల్‌కు కరెంటు ఎక్కడ నుంచి తీశామన్న దాంట్లో ఉంది. సులువని తాళం నుంచి తీస్తే, సెల్ఫ్ కొట్టేటప్పటికే రెండు బ్యాటరీలూ కలిసిపోయి ఉంటాయి. మోటారు లాగే కరెంటు ఆ రిలేలోంచి పారి పాయింట్లు అతుక్కుపోతాయి. ఛార్జింగ్ లైటు తీగ నుంచి తీస్తే ఇంజన్ అందుకుని ఆల్టర్నేటర్ పుట్టించాకే రిలే పడుతుంది. ఫ్యూజు విషయంలో పిసినారితనం మరీ విడ్డూరం: రెండు బ్యాటరీలను కలిపే లావు తీగకు రెండు కొసల్లోనూ కరెంటు ఉంటుంది కదా, ఒక్క ఫ్యూజు ఏ మూలకు?

నా ఓటు రిలేకే. బొగ్గు దుమ్ము చొరబడని మూసిన రకం కొని క్యాబిన్ లోపల బిగించాలి. ఇంకా డైనమోతోనే నడిచే బండికి మాత్రం రెండూ దండగే. లైన్లో నెమ్మదిగా తిరిగే ఇంజన్ మీద డైనమో ఇచ్చేది దాని సొంత బ్యాటరీకే చాలదు. ముందు ఆల్టర్నేటర్ వేయించుకోవాలి.