ఆరుబయట గోడలుండవు

ఎంగిలిపూల బతుకమ్మ నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు పొద్దుగూకే వేళకు కెమెరాలు బారులు తీరతాయి. చాలా ఫ్లాష్‌ల నెత్తిన డిఫ్యూజర్‌గా తెల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఫంక్షన్ హాల్లో ఆ మూత బాగా పనిచేస్తుంది. అది నలువైపులా చిమ్మిన వెలుగును తెల్ల గోడలు, సీలింగు తిప్పి మొహాల మీదికి పంపుతాయి. గుడి ముందు ఆ గోడలేవి? పక్కలకు పోయిన వెలుగు పోయినట్టే. మొహానికి చేరేది ఆ పిడికెడు మూత నుంచి సూటిగా వచ్చిన గట్టి వెలుగే. బ్యాటరీ మాత్రం తొందరగా దిగిపోతుంది.

డిఫ్యూజర్ కొనేవాళ్లు ఏ కంపెనీ, ఏ గుడ్డ అని అడుగుతుంటారు. నేనైతే రెండే అడగమంటాను. ఎంత వెడల్పు? మనిషికి ఎంత దగ్గరగా తేగలం? సూర్యుడు ఎంత పెద్దవాడైనా, అంత దూరాన ఉండి మనకు చిన్న బిళ్లలా కనబడతాడు. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద ఆ నల్లటి నీడలు అందుకే. మబ్బు పట్టిందా, ఆకాశమంతా దీపమై నీడలు కరిగిపోతాయి. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ కూడా అంతే. మీటరు దూరంలో మెత్తగా ఉంటుంది. నాలుగు మీటర్లకు జరిపితే వెలుగు దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది, నీడల అంచులూ పదునెక్కుతాయి.

ఖిలా వరంగల్ కీర్తితోరణాల దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్లకు గాలి మరో తంటా. గొడుగు చవకే, వెలుగూ బాగుంటుంది. కానీ ఒక్క గాలి విసురుకు స్టాండుతో సహా పడిపోతుంది. చిన్న సాఫ్ట్‌బాక్స్‌ను మోనోపాడ్‌కు బిగించి అసిస్టెంట్ చేతికివ్వడమే నాకు నచ్చిన పద్ధతి. ఫ్రేము అంచుదాకా తేవచ్చు, పైనుంచి కాస్త వంచవచ్చు. ఎండ మరీ ఎక్కువుంటే లోపలి గుడ్డ పొర తీసేయండి, కొంత పవరు మిగులుతుంది.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మన చామనఛాయ మొహాల మీద చెమట, నూనె సహజం. చిన్న వెలుగు సూటిగా కొడితే నుదురు, ముక్కు తెల్లగా మెరిసి అసలు రంగు పోతుంది. ఆ తర్వాత ఎడిటింగ్‌లో మొహమంతా తెల్లబరుస్తారు. ఫొటోలోని అమ్మాయి రంగు ఆమెది. వెడల్పాటి వెలుగు ఆ మెరుపును చెంపంతా పలుచగా పరిచి, రంగును రంగుగానే ఉంచుతుంది. డిఫ్యూజర్‌కు డబ్బు పెట్టేది అందుకే.

ఆడవాళ్లు బతుకమ్మ ఆడే వలయంలోకి మాత్రం సాఫ్ట్‌బాక్స్‌తో చొరబడొద్దు. అక్కడ మూత తీసేసి, ఐఎస్ఓ పెంచి, ఫ్లాష్‌ను బాగా తగ్గించి, దీపాల రంగుకు దగ్గరగా నారింజ జెల్ ఒకటి తగిలించండి. తంగేడు పసుపు, పట్టుచీర జరీ తెల్లబారవు, వెనక ఆకాశం నల్లబడదు. సద్దుల బతుకమ్మ లోపు ఓ సాయంత్రం డాబా మీద ఇంట్లోవాళ్లను నిలబెట్టి, దూరం మార్చి మార్చి తీసి చూసుకోండి.