మందు కొట్టే ముందు చీమల్ని చూడండి

మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు వరుస కట్టే చలికాలంలోనే జమ్మికుంట పెరళ్లలో చిక్కుడు పందిళ్లు పూతకొస్తాయి. ఆ వెంటే లేత కొసలకు నల్లగా పేనుబంక. "అక్కా, పత్తికి తెచ్చిన మందు ఇంట్ల మిగిలింది, దీనికి కొట్టనా?" అని పక్కింటి చెల్లె ఏటా అడుగుతుంది. వద్దంటాను. అది మోనోక్రోటోఫాస్ అయితే మరీ వద్దు. దాన్ని కూరగాయల మీద వాడకుండా 2005లోనే నిషేధించారు. పొద్దున కొట్టి సాయంత్రం కాయ తెంపే పందిరి మనది.

పేనుబంక రాత్రికి రాత్రే పుట్టుకొచ్చినట్టు అనిపించడానికి కారణముంది. ఆడపురుగుకు మగదాని అవసరం లేదు. గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. యూరియా ఎక్కువేసిన లేత చిగురంటే వాటికి మరీ ఇష్టం. అయినా కొసన గుంపుగా ఉంటాయి కాబట్టి పైపుతో నీళ్లు గట్టిగా కొడితే రాలిపోతాయి. రాలినవాటిలో చాలామటుకు మళ్లీ ఎక్కలేవు. మరీ ముసిరిన కొసను తుంచేయడమే.

నేను ముందు చూసేది చీమల బారును. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, తినడానికొచ్చే అక్షింతల పురుగును తరుముతాయి. ఆ జిగురు మీదే ఆకులకు మసి పడుతుంది. పందిరి గుంజలకు గ్రీజు పూసిన గుడ్డ చుడితే చీమల దారి తెగుతుంది. తీగ గోడకో చెట్టుకో తగులుతుంటే మాత్రం గుడ్డ దండగే.

అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్లను ఎవరూ గుర్తుపట్టరు. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. పాపం, దాన్నే ముందు నలిపేస్తారు. పేనుబంకను ఎక్కువగా తినేది అదే. గోధుమరంగుకు తిరిగి ఉబ్బి, కదలకుండా అతుక్కున్న పేలు కనిపించినా ముట్టుకోకండి. వాటిలో చిన్న కందిరీగ పిల్ల పెరుగుతుంటుంది.

పత్తి చేనులోనూ ఇదే లెక్క. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలిచే పురుగును ఆపడానికి వచ్చింది, రసం పీల్చేవాటిని కాదు. చేను చుట్టూ బొబ్బర్లు వేస్తే వాటి మీద పేనుబంక చేరుతుంది, దాన్ని తినే అక్షింతల పురుగులూ అక్కడే పెరిగి పత్తిలోకి వస్తాయి. దుకాణంలో డబ్బా అమ్మేవాళ్లు ఈ మాట ఎందుకు చెప్తారు?

ఇంత చేసినా తగ్గకపోతే అయిదు శాతం వేపగింజల కషాయం, కాస్త సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. పొద్దున పూల మీద తేనెటీగలుంటాయి.