గొర్రెల షెడ్డు, ఇసుక తిన్నె

ఆస్ట్రేలియాలో ఉంటున్న మా మేనకోడలు ఈ వారం వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. న్యూ సౌత్ వేల్స్‌లోని ముంగో నేషనల్ పార్కులో, 1869లో కట్టిన గొర్రెల షెడ్డు. ఉన్ని కత్తిరించే చోటు. "ఎండలో ఇంత దూరం వస్తే లోపల ఏమీ లేదు మామయ్యా" అని గోల. నాకైతే ఆ ఖాళీయే నచ్చింది. పాత కట్టడం కనబడితే చాలు సిమెంటు తట్ట, ఎనామిల్ డబ్బా పట్టుకుని బయల్దేరే మనవాళ్ల మీద ఈ కాలమ్ ఎన్నిసార్లు కస్సుమందో మీకు తెలుసు. ముట్టుకోకండి మహాప్రభో అన్నదే నా పాట.

పనితనం చూడండి. నిలువు గుంజలకు గాడి తీసి, అందులోకి సైప్రస్ పైన్ దుంగల్ని పైనుంచి ఒకదాని మీదొకటి జారవిడిచారు. ఆ కర్రకు చెద అంత తొందరగా పట్టదు. కట్టింది చైనా కూలీలంటారు. అప్పట్లో అది గోల్‌గోల్ అనే పెద్ద గొర్రెల స్టేషన్‌ది, అంటే గొర్రెల్ని మేపే పెద్ద ఎస్టేట్‌ది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులకు భూమి పంచుతూ స్టేషన్‌ను ముక్కలు చేశారు. అప్పుడు ఈ షెడ్డులో కొంత విప్పి పక్కనే ఉన్న జాన్సీ అనే మరో స్టేషన్‌కి పట్టుకుపోయారు. జారవిడిచిన దుంగ కదా, పైకి లాగితే వచ్చేస్తుంది! ఇక ముట్టుకోవద్దని ఏ ముఖంతో చెప్పను?

అసలు చిక్కు బయట ఉంది. గొర్రెలు, కుందేళ్లు గడ్డీ గాదం మేసేశాయి. ఎండిన ముంగో సరస్సు గట్టు మీది తిన్నె గాలికీ వానకీ కొట్టుకుపోతూ వచ్చింది. 1968లో జిమ్ బౌలర్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ ఒక స్త్రీ అస్థికలు చూశారు. 1974లో ఒక పురుషుడివి. దాదాపు 42 వేల ఏళ్ల నాటివి. వారి వారసులైన పాకంజీ, ముతి ముతి, నియాంపా జనం నేలనే ఆ స్టేషన్ మింగింది. ఆ మేతే వారి పూర్వీకుల్ని బయటపెట్టింది, వారి సమాధుల్ని చెరిపింది కూడా. 1979లో పార్కు అయ్యాక గొర్రెలు పోయాయి, షెడ్డు మిగిలింది.

ఇంత కథ ఉన్నచోట ఖాళీగా వదిలేస్తే, చూసేవాడికి మిగిలేది ఉన్ని కత్తిరించిన వీరుల జ్ఞాపకం ఒక్కటే. అది సగం కథైనా కాదు. కాబట్టి బోర్డు పెట్టండి, తిన్నె వైపు గోడకే పెట్టండి, ఆ మూడు జాతులవాళ్లే రాయాలి. కుళ్లిన దుంగను మార్చండి, మార్చిన ఏడాది దాని మీద చెక్కండి. బోర్డుకు మాత్రం మేకులు కొట్టకండి, తాడుతో కట్టండి.