తాబో మట్టిగోడల పనితనం

లడాఖ్, స్పితి యాత్రలకు తీసుకెళ్లేవాళ్ల కరపత్రాల్లో గోంపాలది (బౌద్ధ మఠాలది) ఒక పట్టీ, ప్రకృతి దృశ్యాలది ఇంకో పట్టీ. పొద్దున రెండు గోంపాలు, మధ్యాహ్నం ఒక సరస్సు, చీకటి పడేలోగా ఒక కనుమ. ఈ విభజన దగ్గరే తప్పు మొదలవుతోందని నా వాదన. లామాయూరు దగ్గర జనం బండ్లు ఆపి ఫొటోలు తీసుకునే ఆ పసుపుపచ్చ 'చంద్రలోకం' నిజానికి ఒకప్పటి సరస్సు అడుగున పేరుకుపోయిన ఒండ్రుమట్టి. దాని పక్కనే ఉన్న గోంపా స్థలపురాణం కూడా ఈ లోయలో పూర్వం సరస్సు ఉండేదనే చెబుతుంది. అక్కడి మట్టి, అక్కడి ఎండిన గాలి, అక్కడి కొద్దిపాటి కర్ర ఈ మూడింటితోనే ఆ కట్టడాలు లేచాయి. కొండను, గోంపాను విడివిడిగా చూసినవాడికి రెండూ సగం సగమే కనిపిస్తాయి.

ఇందుకు తాబోను మించిన సాక్ష్యం లేదు. స్పితి నది ఒడ్డున, 3,000 మీటర్లకు పైన ఉన్న ఈ విహారాన్ని 996లో టిబెట్‌లోని గూగే రాజ్య పాలకుడు యేషే ఓ కట్టించాడు. బయటినుంచి చూస్తే గుడి అనిపించదు. కిటికీలు దాదాపుగా లేని మట్టి దిమ్మెలు కొన్ని దగ్గర దగ్గరగా కూర్చున్నట్టు ఉంటాయి, అంతే. గోడలు కింద మందంగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. చెట్లు అరుదైన చోట కర్రను పొదుపుగా వాడాలి. అందుకే దాన్ని దూలాలకే దాచుకుని, మిగతా భారమంతా ఎండబెట్టిన మట్టి ఇటుకల మీద వేశారు. ఈ ప్రాంతాల్లో మిద్దె వేసే పద్ధతి రాయలసీమ చవుడు మిద్దెలు ఎరిగినవాళ్లకు కొత్తేమీ కాదు: దూలాల మీద సన్న కర్రలు, వాటి మీద కొమ్మలూ రెమ్మలూ, ఆపైన మట్టి పరిచి గట్టిగా తొక్కడం. మంచు కురిసిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని తోసెయ్యాలి. ఏటా మట్టి సరిచెయ్యాలి. వెయ్యేళ్లు నిలిచిన కట్టడం అంటాం కానీ, వెయ్యేళ్లుగా ఎవరో నిలబెడుతూ వస్తున్న కట్టడం అనడమే సరైన మాట.

లోపలికి వెళ్తే లెక్క మారుతుంది. ప్రధానాలయంలో మనిషి తలకన్నా ఎత్తున, గోడల వెంట 30కి పైగా మట్టి విగ్రహాలు వరుసగా ముందుకు పొడుచుకువచ్చి ఉంటాయి. నేలమీద ఆనే పీఠం లేకపోవడంతో గాలిలో కూర్చున్నట్టు అనిపిస్తాయి. లోపల కర్ర అస్థిపంజరం, దాని చుట్టూ పీచు కలిపిన మట్టి, పైన నునుపైన మట్టిపూత, ఆపైన రంగు. మధ్యలో నాలుగు దిక్కులకూ చూసే వైరోచన బుద్ధుడు. అంటే గది మొత్తం ఒక వజ్రధాతు మండలం, దేవతల కొలువును చూపే ధ్యానచిత్రం. మామూలుగా గుడ్డ మీద బొమ్మగా చూసేదాన్ని ఇక్కడ మనిషి కాళ్లతో నడిచి లోపలికి వెళ్లేలా కట్టారు. గోడ చిత్రాల సంగతి ఇంకా సున్నితం. తడి సున్నం మీద వేసినవి కావవి, ఆరిన మట్టిపూత మీద ఖనిజాల పొడిని జిగురుతో కలిపి వేసినవి. ఒక్క నీటిధార చాలు, నీలం చెదిరిపోతుంది. రుతుపవనాలను అడ్డుకునే కొండల వెనక ఉండబట్టే ఆ నీలం మిగిలింది. మనం దృశ్యమనుకుని దూరంనుంచి మెచ్చుకునే ఆ బోడికొండలే ఈ చిత్రాలకు పైకప్పు. సింధు ఒడ్డున అల్చి గోంపాలోనూ ఇంతే సున్నితమైన పని: అక్కడ అవలోకితేశ్వరుడి విగ్రహం ధోవతి నిండా రాజభవనాలు, గుళ్లు, మనుషులు వేలెడంత బొమ్మలుగా ఇమిడి ఉన్నారు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగనివాళ్లకు ఎర్రటి గుడ్డ తప్ప ఏమీ కనపడదు.

ఇవి పూజాస్థలాలు, పనితనం గురించి మాట్లాడటం మ్యూజియం బుద్ధి అని ఒక ఆక్షేపణ ఉంది. సర్వం అనిత్యమనే మతానికి గోడలు కాపాడుకోవడం ఎందుకని ఇంకో చమత్కారం. ఆ చమత్కారానికి ఆధారం లేకపోలేదు: కాలచక్ర పూజలో సన్నటి లోహపు గొట్టాన్ని గీకుతూ రంగు ఇసుకను చిటికెలు చిటికెలుగా రాలుస్తూ, రోజుల తరబడి మండలం గీస్తారు, చివరికి ఊడ్చి నీళ్లలో కలిపేస్తారు. ఆ కాలచక్ర బోధ మొదట జరిగింది మన అమరావతి దగ్గరి ధాన్యకటకంలోనని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్ర జరపడానికి కారణం అదే. అయితే అదే సంప్రదాయం తాబోను కట్టిన 46 ఏళ్లకే, 1042లో, మళ్లీ బాగుచేయించి ఆ సంగతి గోడ మీద రాయించుకుంది. ఊడ్చెయ్యాల్సినదేదో, నిలబెట్టాల్సినదేదో వాళ్లకు బాగా తెలుసు. పైగా తాబోలో గది ఆకారమే బోధ అయినప్పుడు, పనితనాన్ని పక్కన పెట్టి భక్తిని మాత్రం చూడటం ఎలా కుదురుతుంది?

మట్టి బలహీనం కదా, సిమెంటు వెయ్యొచ్చు కదా అనేవాళ్ల మాటను అంత తేలిగ్గా తీసెయ్యలేం. 1975 జనవరి భూకంపంలో తాబో దెబ్బతింది. 2010 ఆగస్టులో లేహ్‌ను ముంచెత్తిన బురద వరదలో మట్టి ఇళ్లు కరిగిపోయాయి. కానీ ఆ వరద దారిలో ఉన్న కాంక్రీటు కట్టడాలూ మిగల్లేదు, తప్పు కట్టిన చోటుది కూడా. మట్టిగోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు, పెచ్చు ఊడినప్పుడు మట్టినీ లాక్కుపోతుంది. చలికాలంలో కాంక్రీటు గది ఎంత చల్లగా ఉంటుందో అక్కడివాళ్లనే అడగాలి. వానలు పెరిగితే మట్టి మిద్దెకు కొత్త రక్షణ కావాలన్నది మాత్రం నిజం. ఆ రక్షణ మట్టి స్వభావం తెలిసిన చేతులనుంచి రావాలన్నదే నేననేది.

ఇక పర్యాటకుల డబ్బు. అది లేకుండా చాలా ఊళ్లకు గడవదు, రాకండి అనడం దబాయింపే. అయితే రోజుకు నాలుగు గోంపాలు చుట్టేసే బదులు ఒక్కదాంట్లో పూట గడిపితే ఖర్చయ్యేది అంతే, ఆ డబ్బు ఆ ఊళ్లోనే మిగులుతుంది. స్పితి, పిన్ నదుల కలయికను చూడటానికి ధంకర్ గోంపాకు వెళ్లేవాళ్లలో ఎంతమంది తాము నిలబడ్డ నేలను గమనిస్తారో తెలియదు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2006లో ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల పట్టికలో ధంకర్‌ను చేర్చింది. అక్కడ గోడతోపాటు గోడ కింది కొండ కూడా కోసుకుపోతోంది. ఆ గోంపాను బాగుచెయ్యాలంటే కొండ మీద నీళ్లు ఎటు పారుతున్నాయో ముందు చూడాలి.