సున్నా నంబరు ఆట

అర్ధరాత్రి, ఊరు దాటాక చెట్ల మధ్య దారి. కారు నడుపుతున్నవాడు నిషికియామా, పక్కన కూర్చున్నవాడు కిర్యూ. ఇద్దరూ ఒకే అనాథాశ్రమంలో పెరిగారు, ఒకే ముఠాలో చేరారు. ఇప్పుడు ఆ ముఠా మొత్తం కిర్యూ కోసం వెతుకుతోంది. ఒకచోట కారాపి దిగమంటాడు నిషికి. దిగాక తుపాకీ తీస్తాడు. వాళ్ళకు చిక్కితే చిత్రవధ తప్పదు, అంతకన్నా నా చేతిలో పోవడమే మేలని అతని లెక్క. కిర్యూ పారిపోడు, బతిమాలడు. గురిపెట్టిన చెయ్యి వణుకుతుంది, ఏడుపు తన్నుకొస్తుంది, ట్రిగ్గర్ మాత్రం నొక్కలేకపోతాడు.

ఇది సినిమా కాదు. సెగా కంపెనీ 2015 మార్చిలో జపాన్‌లో విడుదల చేసిన ‘యాకూజా 0’ అనే వీడియో గేమ్‌లోది. కథాకాలం 1988 డిసెంబర్. కొత్తగా ఆడేవాడికి ఇది ఇద్దరు మిత్రుల కథ, అంతే. 2005లో వచ్చిన మొదటి గేమ్ ఆడినవాడికి మాత్రం కడుపులో దేవేస్తుంది. ఆ కథలో 1995లో నిషికి ఒక హత్య చేస్తే కిర్యూ దాన్ని తన నెత్తిన వేసుకుని పదేళ్ళు జైలుకు పోతాడు. తిరిగొచ్చేసరికి ఎదురుగా శత్రువై నిలబడేది ఈ నిషికే. ఒకే దృశ్యం, ఒకే మాటలు, రెండు రకాల ప్రేక్షకులు. ఇద్దరికీ కన్నీళ్ళే, కారణాలు వేరు. ఇలాంటి సీను ఒక్కటి రాయగలిగితే చాలనుకునే వృత్తి నాది.

నేను తమిళ సీరియళ్ళకూ సినిమాలకూ తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తాను. ఉండేది చెన్నైలోని అంబత్తూరు. ఈ గేమ్ నాకు అంటించింది నా మేనల్లుడు, ఇక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఐటీ ఉద్యోగం వాడిది. ‘ఇదేదో చాలా భాగాలున్న సిరీస్ అంట కదరా, మొదటిది పెట్టు’ అంటే, ‘మొదటిది కాదు మామయ్యా, సున్నా ముందు. అందరూ అక్కడే ఎక్కుతారు’ అన్నాడు. చెయ్యి తిరగని నేను కొట్లాటల దగ్గర వాడికే కంట్రోలర్ ఇచ్చేసి కథ వరకు నేను చూశాను. దాంతో పనిలోని సందేహం ఒకటి మళ్ళీ లేచింది. నీరసించిన కథకు ముందు కథ ఎప్పుడు ప్రాణం పోస్తుంది, ఎప్పుడు తీస్తుంది?

సీరియల్ వాళ్ళకు ఇది పాత చిట్కా. టీఆర్పీ పడిందంటే చాలు, ‘ఫ్లాష్‌బ్యాక్ ఓపెన్ చేద్దాం’ అంటారు. అత్తగారు ఎందుకంత కఠినమో చెప్పే ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. మూడు వారాలు లాగుతారు. అయ్యాక అత్తగారు మునుపటి కన్నా పలచబడుతుంది. ఆవిడ చూపుకి ఒక కారణం దొరికేసింది కదా, ఇక ఆ చూపులో ఏముందని వెతకడం ఎందుకు? హాలీవుడ్ వాళ్ళదీ ఇదే జబ్బు. 2018లో వచ్చిన ‘సోలో’ సినిమాలో హీరోకి ఇంటిపేరు ఎలా వచ్చిందో కూడా చూపించారు. పేరు రాసుకునే అధికారి పెట్టాడట! అడిగినవాడెవడు?

యాకూజా సిరీస్ కూడా ఒకప్పుడు అలాంటి నీరసంలోనే ఉండేది. జపాన్‌లో దానికి లోటు లేదు. బయటి దేశాల్లోనే గడ్డు రోజులు. 2006లో ఇంగ్లీషు డబ్బింగుతో పంపారు. మజిమా అనే ఒంటికన్ను రౌడీకి గొంతు ఇచ్చింది మార్క్ హామిల్, స్టార్ వార్స్ హీరో. ఆయన తక్కువవాడేం కాదు. కానీ మజిమా మాట్లాడేది ఒసాకా వైపు యాస, ఆ సాగతీతలోనే వాడి వెటకారమంతా ఉంది. డబ్బింగ్‌లో ప, బ, మ పడ్డచోట పెదాలు కలిపితే సగం పనే అయినట్టు. మిగతా సగం ఊరి గాలి. అది రాకపోతే ఎంత గొప్ప గొంతైనా అద్దె గొంతే. రెండో గేమ్ నుంచి డబ్బింగ్ మానేసి జపనీస్ గొంతులకు సబ్‌టైటిల్స్ పెట్టారు. మూడోదాన్ని కత్తిరించి పంపారు. హోస్టెస్ క్లబ్బుల లాంటివి విదేశీయులకు అర్థం కావనుకున్నారేమో, తీసేశారు. అయిదోది జపాన్‌లో 2012 డిసెంబర్‌లో వస్తే, అమెరికా, యూరప్‌లకు చేరింది 2015 డిసెంబర్‌లో. అదీ డిస్క్ లేకుండా, డౌన్‌లోడ్ మాత్రమే. అయిదు భాగాల చుట్టరికాలు, పగలు, పదవులు గుర్తుపెట్టుకుని ఆరోదానికి ఎవడొస్తాడు?

అలాంటప్పుడు 2017 జనవరి 24న సున్నా అక్కడికి వెళ్ళింది. కోతలేమీ లేవు. జపనీస్ గొంతులు, సబ్‌టైటిల్స్. మొదటి గేమ్ కన్నా 17 ఏళ్ళ వెనక జరిగే కథ కాబట్టి పాత బాకీ ఏదీ తీర్చనక్కర్లేదు. ఆగస్టులోనే అక్కడ మొదటి గేమ్‌కు కొత్త రూపం ‘కివామి’ వచ్చింది, సున్నా ముగించినవాడు నేరుగా అందులోకి దిగాడు. మరుసటేడు సున్నా కంప్యూటర్లకూ వచ్చింది. వ్యాపారం వైపు నుంచి చూస్తే విషయం ఇంతే, వివరించడం తేలిక. నాకు ఆసక్తి లోపలి పని మీద.

ముందు కథలో ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఆయుధం చేతిలో ఉండదు. కిర్యూ చావడు, ఆ సంగతి అందరికీ తెలుసు. కాబట్టి ప్రాణాల మీద కాక మరెక్కడో బరువు పెట్టాలి. వీళ్ళు ఎక్కడ పెట్టారో చూడండి: ఒక జాగా మీద. టోక్యోలోని కాబుకిచో పేటను పోలిన కామురోచో అనే కల్పిత పేటలో, భవనాల వెనక ఎవరూ పట్టించుకోని చిన్న ఖాళీ స్థలం. పేటంతా కూల్చి కొత్తగా కట్టాలంటే ఆ ముక్క కావాలి. యజమాని ఎవరో ఎవరికీ తెలియదు. అది తెచ్చినవాడికే ముఠాలో రెండో కుర్చీ. దాని కోసం కుజే, అవానో, షిబుసావా అనే ముగ్గురు దళపతులు ఒకరినొకరు తొక్కుకుంటారు.

అంబత్తూరులో ఉండేవాడికి ఇది వేరే చెప్పాలా? మద్రాసులో స్థలాన్ని గ్రౌండ్లలో కొలుస్తారు, గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు. ఇక్కడ సైకిళ్ళు, టైర్లు తయారైన ఫ్యాక్టరీల కాలం నుంచి అపార్టుమెంట్ల కాలం దాకా, రెండు ఇళ్ళ మధ్య మూరెడు సందు కోసం మాటలు మానేసిన అన్నదమ్ములను చూస్తూనే ఉన్నాం. పట్టా ఒకరి పేర, అనుభవం మరొకరిది, వెనక పొరంబోకు. 1988 జపాన్‌లో ఆ పిచ్చి దేశం మొత్తానికి పట్టింది. భూమి ధర పెరగడమే తప్ప తగ్గదని బ్యాంకులు అప్పులు కుమ్మరించాయి. చిన్న ఇళ్ళవాళ్ళను బెదిరించి ఖాళీ చేయించే పని ముఠాలు చేశాయి. టోక్యో షేర్ల సూచీ 1989 డిసెంబర్ 29న 38,915కి ఎక్కి, ఆ తర్వాత కూలిపోయింది. గేమ్‌లో వీధిరౌడీని గుద్దితే నోట్లు ఎగిరిపడతాయి. అడ్డం వచ్చినవాళ్ళ మీద డబ్బు విసిరి తప్పించుకోవచ్చు కూడా. బౌలింగ్‌లో గెలుచుకున్న కోడిని కిర్యూ తన రియల్ ఎస్టేట్ ఆఫీసులో మేనేజరుగా పెట్టుకోవచ్చు. నవ్వొస్తుంది. ఇంకో ఏడాదిలో ఇదంతా పోతుందని గుర్తొస్తే ఆ నవ్వు ఆగుతుంది. ఇది కూడా రెండు రకాల ప్రేక్షకుల లెక్కే. ఈసారి తెలిసినవాడూ తెలియనివాడూ విడిపోయేది గేమ్ దగ్గర కాదు, చరిత్ర దగ్గర.

అసలు దెబ్బ మజిమాది. అంతకుముందు భాగాల్లో వాడు ఎక్కువగా ఒక పిచ్చి కుక్క. ఎక్కడో ఒకచోట దూకి, పళ్ళికిలించి, కత్తి తిప్పి పోయే రకం. సున్నాలో వాడికి 24 ఏళ్ళు. ఒసాకాలో ఒక పెద్ద క్యాబరేకి మేనేజర్. సూటు మీద ముడత ఉండదు, మాట తూలడు, తాగి రభస చేసే గిరాకీని చెయ్యెత్తకుండా బయటికి సాగనంపుతాడు. కానీ అది బంగారు పంజరం. ముఠా ఆజ్ఞ మీరినందుకు కన్ను తీశారు, ఏళ్ళ తరబడి కాపలాలో పెట్టారు. ఒక మనిషిని చంపితే వదిలేస్తామన్నారు. ఆ మనిషి మకోటో అనే చూపులేని అమ్మాయి. ఆ ఖాళీ స్థలం ఆమెదే. చంపలేక, దాచి కాపాడతాడు. చివరికి ఆమెకు చూపు వస్తుంది. వీధిలో ఎదురుపడితే ఇతనెవరో ఆమెకు తెలియదు, ఇతనూ చెప్పడు.

మామూలు ఫ్లాష్‌బ్యాక్ అయితే ఇక్కడ పిచ్చికి కారణం దొరికిందని తేల్చేసేవాళ్ళు. వీళ్ళు తేల్చలేదు. పాముతోలు కోటు తొడుక్కుని వాడు పిచ్చివాడిగా బతకడానికి సిద్ధపడతాడు. అది బాధా, ఎత్తుగడా, స్వేచ్ఛా? చెప్పరు. అందుకే ఆ తర్వాత పాత గేముల్లో వాడు ఇకిలించినప్పుడల్లా మనం ఆ ఇకిలింపు వెనక్కి చూస్తాం. పదేళ్ళ కిందట రాసేసిన సీన్లు, ఒక్క అక్షరం మార్చకుండానే మారిపోయాయి. ‘బాషా’ నుంచి ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ దాకా మన ఫ్లాష్‌బ్యాకులు మరో పని చేస్తాయి. ఇప్పటి హీరో కొట్టబోయే దెబ్బకు అనుమతి పత్రం తెస్తాయి. థియేటర్లో నేనూ ఈలలు వేసినవాణ్ణే. కానీ అవి చూశాక మొదటి సగానికి తిరిగి వెళ్ళాలనిపించదు.

పాత కథని మళ్ళీ కొత్తగా చూపించే పద్ధతి మనవాళ్ళకు తెలియక కాదు. ఉత్తరకాండ ఎలా మొదలవుతుంది? యుద్ధం ముగిసింది, పట్టాభిషేకం అయింది. మునులు వచ్చి రావణుడి కన్నా ఇంద్రజిత్తు వధనే ఎక్కువ పొగుడుతుంటే, ఎందుకని రాముడు అడుగుతాడు. అప్పుడు అగస్త్యుడు పులస్త్యుడి దగ్గర నుంచి రావణుడి వంశం, తపస్సు, వరాలు అన్నీ చెప్పుకొస్తాడు. చంపిన తర్వాత చంపినవాడికే చెప్పడం! నెల్లూరులో తిక్కన భారతానికి ముందు చేపట్టింది ఈ కథనే, నిర్వచనోత్తర రామాయణంగా. గెలుపుకి ఏమాత్రం పనికిరాని సమయంలో వచ్చింది కాబట్టే అది శత్రువుకి నిండుదనం ఇచ్చింది. మనకు దగ్గరి ఉదాహరణ ‘బాహుబలి’. మొదటి భాగం 2015 జూలై, రెండోది 2017 ఏప్రిల్. చంపింది కట్టప్ప అని తెలిసిపోయాక దాదాపు రెండేళ్ళు దేశం ‘ఎందుకు’ అన్నదాని కోసం కాచుకుంది. సున్నాలో ఆ ప్రశ్న కూడా వేయరు. నిషికి పాడైపోతాడన్న సూచన కూడా పెద్దగా ఇవ్వరు, మంచివాడిగా ఉన్న రోజుల్ని తీరిగ్గా చూపిస్తారు. కలిసి పాడిన పాటలు, తాగిన రాత్రులు, ఆ కారు.

‘కివామి’లో మాత్రం చెయ్యి ఊరుకోలేదు. నిషికి పదేళ్ళలో ఎలా దిగజారాడో మెట్టు మెట్టుగా చూపే సీన్లు కొత్తగా కలిపారు. బాగానే తీశారు, చాలామందికి నచ్చాయి. నాకు మాత్రం అత్తగారి ఫ్లాష్‌బ్యాకే గుర్తొచ్చింది. వాడు తుపాకీ దించిన రాత్రికీ శత్రువైన రోజుకీ మధ్య ఏం జరిగిందో ఊహించుకునే పని అప్పటిదాకా నాది.

2025 జూన్‌లో సున్నాకు డైరెక్టర్స్ కట్ వచ్చింది, మరికొన్ని కొత్త సీన్లతో, ఇంగ్లీషు డబ్బింగుతో. డబ్బింగ్ ఎలా ఉందో చూడాలని వృత్తిరీత్యా నాకు ఆత్రం. మేనల్లుడు ఒప్పుకోవడం లేదు. ‘నువ్వు డబ్బింగ్ రాస్తావని తెలుసు మామయ్యా, అయినా మజిమాని జపనీస్‌లోనే వినాలి’ అంటున్నాడు. ఆ మాట మీద మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తోంది.